బట్టీ మూత

ఎస్సెల్సీలో నాకు లెక్కలు పోయాయి. సెప్టెంబరులో మళ్ళీ రాస్తే మళ్ళీ పోయాయి. డెబ్బైల మొదట్లో చోడవరంలో పరీక్ష తప్పిన ఆడపిల్లకి రెండే దారులు: పెళ్ళి, లేదా అమ్మ నోరు. పెళ్ళికి నాన్న ఒప్పుకోలేదు కాబట్టి రెండోది నా పాలబడింది. పాలు పొంగితే నాదే తప్పు, వంటింట్లోకి పిల్లి దూరితే నాదే తప్పు, ఆఖరికి వాన పడకపోయినా అమ్మ నా మొహమే చూసేది. నేనూ తక్కువదాన్ని కాదు, మాటకి మాట అంటించేదాన్ని. మా ఇద్దరి గోలా పడలేక నాన్న చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి రోజూ ఆలస్యంగా ఇంటికొచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే మిషన్ స్కూలు పంతులమ్మగారు మా వీధికి వచ్చి, సాయంత్రాలు ఆడవాళ్ళకి గాజుపని నేర్పుతానని చెప్పి వెళ్ళారు. పగిలిన గాజుల ముక్కలు తెచ్చి, కిటికీ అద్దం పలక మీద బొమ్మలా పేర్చి, బొగ్గుల బట్టీలో పెడితే, అన్నీ కరిగి అతుక్కుని ఒకటే పలక అయిపోతుందట. ఆవిడ ట్రైనింగులో ఉన్నప్పుడు ఎవరో దొరసానమ్మ దగ్గర నేర్చుకున్నారట. క్రిస్మస్‌కి చర్చి కిటికీలో పెట్టడానికి చలికాలం బొమ్మలు కావాలి, ఒక్కొక్కరు ఒక్కో పలక చెయ్యాలి, ఎవరైనా రావచ్చు, డబ్బులక్కర్లేదు అన్నారు.

"పంపించండి," అంది అమ్మ, నా వైపైనా చూడకుండా. "కాసేపైనా ఇల్లు సల్లగుంటాది."

"సందేళ గుంటని ఒక్కర్తినీ ఏటి పంపుతాం?" అన్నాడు నాన్న. "అప్పని తోడు పంపు. మెట్ల మీద కూకుంటాది."

అప్ప అంటే నాన్నకి అక్క, నాకు మేనత్త. పెళ్ళయిన రెండో ఏడే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ బోసి చేతులతో, బొట్టులేని నుదుటితో, నోట్లో అడ్డచుట్టతో ఉండేది. అడ్డచుట్టంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళకి అలవాటే. నోట్లో నిప్పు పెట్టుకునే మనిషికి దేనికీ భయం ఉండదని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఆవిడకి భయం లేదు గానీ తొందర మాత్రం ఎక్కువ. అలాంటిలాంటి తొందర కాదు. పాలు తోడుపెట్టి గంటకోసారి వేలు ముంచి చూసేది; ఆవిడ తోడుపెట్టిన పెరుగు ఏనాడూ గడ్డగా తోడుకోలేదు. ఆనపగింజ పాతి, మొలకొచ్చిందో లేదోనని మర్నాడే తవ్వి చూసేది. మాడుగుల బస్సు పదింటికైతే ఎనిమిదింటికే బస్టాండుకి పోయి కూర్చుని, ఇంకా రాలేదేమని కనబడ్డవాణ్ణల్లా తిట్టేది. అన్నం ఉడుకుతుంటే పదిసార్లు మూత తీసేది. అమ్మ ఏమైనా అంటే, "తియ్యకపోతే లోపల ఏటవుతందో ఎలా తెలుస్తాదే?" అనేది.

మొదటిరోజు స్కూలు వెనక వరండాలో ఓ పదిమందిమి చేరాం. అందరూ పాత పాలడబ్బాల్లో గాజుముక్కలు తెచ్చుకున్నారు. అందరిలోకీ గలగలమనేది తాలూకాఫీసు గుమాస్తాగారి భార్య. మాటలూ గలగలే, గాజులూ గలగలే. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆకుపచ్చా ఎరుపూ కలిపి వేసుకునేది. మా అత్త మెట్ల మీద కూర్చుంది. చర్చి ఆవరణలో చుట్ట తాగొద్దని నాన్న మరీమరీ చెప్పాడని దాన్ని ఆర్పి నా చేతికిచ్చింది.

పంతులమ్మగారు ఒక గ్రీటింగు కార్డు చూపించారు. దాని మీద ఊరు ఊరంతా తెల్లగా ఉంది. ఇళ్ళ మీదా చెట్ల మీదా తెల్లటి ముద్దలు.

"ఏటది, ఊరందరూ ఒకేసారి సున్నాలేసేసేరా?" అని మెట్ల మీంచి అడిగింది మా అత్త.

"మంచు అమ్మగారూ. ఆకాశంలోంచి పడి గడ్డకట్టేస్తుంది."

"మన మంచూ పడతాది. పొద్దెక్కితే పోతాది. ఇలా పోగులు పడదే?"

"వాళ్ళ దేశంలో అంతేనండి. గుమ్మాలు కూడా మూసుకుపోతాయి."

"మరి ఆళ్ళు బైటికెలా ఎళ్తారు?" అని మా అత్త కాసేపు ఆ దేశం వాళ్ళ గురించి బెంగపెట్టుకుంది.

తెల్లరంగుకి పెద్ద చిక్కొచ్చింది. ఎవరి డబ్బాలోనూ ఒక్క తెల్లగాజు ముక్క లేదు. తెల్లగాజులు ఎవరేసుకుంటారు? చివరికి పంతులమ్మగారే వాళ్ళింట్లో పగిలిపోయిన పాలగాజు దీపపు డోము తెచ్చి, నలగ్గొట్టి, తలా గుప్పెడు పంచారు. అందరం ఆ కార్డు చూసుకుంటూ మంచు కప్పిన ఇళ్ళు పేర్చడం మొదలుపెట్టాం. నా ఇల్లు ఎంత సర్దినా ఇడ్లీలాగే కనబడింది.

బట్టీ పెరట్లో ఉంది. ఇటుకలతో నడుమెత్తు కట్టి, మధ్యలో మట్టితో చిన్న గదిలా చేశారు. సున్నప్పొడి చల్లిన పెంకు మీద పలకలు పెట్టి ఆ గదిలో దించాలి. పైన మట్టిమూత, దాన్ని ఎత్తడానికి విడిగా ఒక ఇనపకొక్కెం. కింద బొగ్గులు. ఒకరు కమ్మరి కొలిమికి ఉండేలాంటి చక్రం తిప్పుతూ గాలి కొట్టాలి, ఇంకొకరు పొడుగాటి పట్టకారుతో బొగ్గులు వేస్తూ ఎగదోస్తూ ఉండాలి.

"బొగ్గులు వేసేవాళ్ళు గాజులు తీసెయ్యాలి," అన్నారు పంతులమ్మగారు.

అందరి చేతులూ చెంగుల కిందికి పోయాయి. ఆవిడ చేతికి గడియారం తప్ప ఏమీ లేదు, వాళ్ళ చర్చిలో అంతే. మాలో ఆ మాట ఎంత పెద్దదో ఆవిడకి ఆ నిమిషానికి తట్టలేదు.

"ఆ మాట మాత్రం అనకండి పంతులమ్మగారూ," అంది గుమాస్తాగారి భార్య. "మొగుడు సల్లగా ఉండగా గాజులు తీస్తామా?"

పోనీ తడిగుడ్డ చుట్టుకోమన్నారు. గుమాస్తాగారి భార్య చేతులకి తువ్వాలు చుట్టుకుని పట్టకారు అందుకుంది. రెండు దఫాలు బొగ్గులు వేసిందో లేదో, గుడ్డ జారి, సెగ తగిలి ఒక గాజు టప్పుమంది. "ఓలమ్మో, పెరిగింది! గాజు పెరిగింది!" అని పట్టకారు అక్కడే పారేసింది. గాజు పగిలిందని నోటితో అనకూడదు, పెరిగిందనాలి. అది మొగుడికి కీడని భయం. దాంతో మిగతావాళ్ళందరూ బట్టీకి ఆమడదూరం జరిగారు. పెళ్ళి కాకపోయినా నా చేతులకీ గాజులున్నాయి. బోసిచేతులతో తిరిగితే అమ్మ చంపేసేది. పంతులమ్మగారు ఒక్కరూ చక్రమే తిప్పుతారా, బొగ్గులే వేస్తారా?

మా అత్త మెట్ల మీంచి లేచింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటూ వచ్చి పట్టకారు తీసింది.

"ఇలాగియ్యండమ్మా. నా సేతికి పెరగడానికేటుంది గనక?"

ముందు ఆవిడే నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఇక ఆ సాయంత్రం నుంచి బట్టీ మా అత్తదే. సెగ మొహాన కొడుతున్నా వెనక్కి తగ్గకుండా, బొగ్గుల్ని పేరు పెట్టి పిలిచి తిడుతూ ఎగదోసేది. తోడొచ్చిన మనిషి పనిమంతురాలైపోయింది, నేర్చుకోడానికి వెళ్ళిన నేను ఆవిడ చుట్టకి కాపలాదాన్నయ్యాను.

"నాకూ ఓ అద్దం ముక్క ఇయ్యండి పంతులమ్మా," అని మర్నాడు తనే అడిగింది. మా డబ్బాలోంచి ఎర్రవీ పసుపువీ ఏరుకుని చలిమంట పేర్చింది. అందరూ మంచు చేస్తుంటే మంటేమిటి అని నేను వెక్కిరిస్తే, "సలంటే మంటేనే. మంట ముందర కూకోకపోతే సలేసిందని ఎలా తెలుస్తాది?" అంది. ఆ పలకని ఎంత ముద్దుగా చూసుకునేదంటే, ఇంటికొచ్చాక కూడా దాని మాటే. కిటికీలో తనది ఎటుపక్క పెడతారోనని తెగ ఆలోచించేది.

కరగడానికి గంట చాలు, చల్లారడానికి మాత్రం మర్నాటి సాయంత్రం దాకా పడుతుందని పంతులమ్మగారు మాకు చెప్పారు. మండుతున్నప్పుడు కరిగిందో లేదో ఒకసారి మూత తీసి చూడొచ్చు. నిప్పు ఆపేశాక మాత్రం తియ్యకూడదు. చల్లగాలి తగిలితే లోపల పలకలు పగిలిపోతాయి. మా అత్త బుద్ధిగా తల ఊపింది. లెక్కల మేష్టారు చెబుతున్నప్పుడు నేనూ అలాగే ఊపేదాన్ని.

మొదటిసారి నాలుగు పలకలు పెట్టాం. నిప్పు ఆపి, పంతులమ్మగారు చేతులు కడుక్కోడానికి అటు వెళ్ళారో లేదో, మా అత్త కొక్కెం పట్టుకుని మూత ఎత్తేసింది. "పాకం ఎలాగొచ్చిందో సూడక్కర్లేదేటి?" అంది. మర్నాడు తీసేసరికి నాలుగూ అడ్డంగా చీలిపోయి ఉన్నాయి. పైగా నా డబ్బాలో ఒక రబ్బరుగాజు ముక్క కలిసిపోయినట్టుంది, నా ఇల్లు మసిబొగ్గులా నల్లబడి కంపుకొడుతోంది. మూత ఎవరు తీశారని అడిగితే, "నేనే. ఇదిగో, ఇంతే తీసేను," అని మా అత్త జానెడు చూపించింది. ఆ రోజు అందరూ పడీపడీ నవ్వారు.

రెండోసారి అందరి ముందూ ఒట్టేసింది. మేమిద్దరం వచ్చేసే ముందు నన్ను చుట్ట తెమ్మని వరండాలోకి పంపించింది. నేను తెచ్చేసరికి కొక్కెం కింద పెడుతోంది. "ఏలెడంత. అంతే. కన్ను మూసి తెరిసినంత సేపు," అంది. మర్నాడు మళ్ళీ అన్నీ పగిలిపోయాయి. తన చలిమంట మూడు ముక్కలైంది. ఈసారి మూత ఎవరు తీశారని పంతులమ్మగారు అడిగితే మా అత్త నోరెత్తలేదు.

ఎవరూ మూత తియ్యలేదంటే మరెందుకు పగిలినట్టు? ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గుమాస్తాగారి భార్య పక్కావిడతో అన్న మాట గుసగుసే అయినా ఆవిడ గొంతుకి గుసగుస అలవాటు లేదు.

"నేననీదేటంటే, హస్తవాసని ఒకటుంటాది కదా. ఆవిడ సెయ్యి అలాటిదేమో. మనం మాత్రం ఏటి సేస్తాం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "హస్తవాసీ లేదు, గిస్తవాసీ లేదు! మా అత్త మూత తీసింది. నేను చూశాను!" అని అరిచేశాను.

"ఎంత తీసింది?"

"వేలెడంత."

"ఏలెడు తీస్తే అన్నీ పగిలిపోతాయేటమ్మా?" అంది ఆవిడ, జాలిగా. కోపంగా అన్నా బాగుండేది.

మా అత్త నోరు సంగతి వీధంతటికీ తెలుసు. ఇప్పుడు వరండా కప్పు ఎగిరిపోతుందని నేను ఎదురుచూశాను. ఆవిడ మాత్రం పట్టకారు గోడకి ఆనించి, "పదవే, పొద్దుపోయింది," అంది.

దారిలో చెరకుబళ్ళు వరసగా నిలబడిపోయి ఉన్నాయి. వాటిని దాటాక ఆవిడకి చుట్ట ఇవ్వబోతే వద్దంది.

"ఒసే, పంతులమ్మ సెప్పినది నిజవేనంటావా? మూత తీస్తేనే పగుల్తాదా?"

"మరింకెందుకు పగులుతుందత్తా?"

"మీ మావయ్య పోయిన కాణ్ణుంచీ ఏటి జరిగినా నా సెయ్యేనే. ఆవు ఒట్టిపోతే నేను పాలు పితికేనని. ఊరగాయ బూజు పడితే నేను ముట్టుకున్నానని. ఇప్పుడు మీ అమ్మా అంతే. ముక్కలు తరగమంటాది, కలపమనదు. నువ్వు సూడ్లేదేటి?"

చూశాను. ప్రతి వేసవికీ చూశాను. అత్త ముక్కలు తరిగి లేచిపోయేది, అమ్మ కూర్చుని కలిపేది. ఎందుకని ఒక్కసారైనా నాకు తోచలేదు.

"నవ్వేసేదాన్ని. నవ్వకపోతే ఏడాలి. కానీ అవునో కాదో ఎప్పుడూ తేల్లేదు. ఆవు మళ్ళీ ఈనిందనుకో, ఆళ్ళ అదృష్టం అనీవోరు." కాసేపు నడిచి మళ్ళీ అంది. "ఇది తేలిపోతాది సూడు. మూత ముట్టుకోకుండా ఉన్నాననుకో, పలక పగల్లేదనుకో, అప్పుడు నాది తొందర. ముట్టుకోకపోయినా పగిలిందనుకో..."

"పగిలితే?"

"పగిలితే ఆళ్ళనీదే నిజం."

"ఏటత్తా ఆ మాటలు!" అని కసిరాను. నాకు కోపం వచ్చినప్పుడల్లా నా నోట్లోనూ 'ఏటి' వచ్చేస్తుంది.

"నన్ను కసరకు. నాకు తెలవాల," అంది.

గుమాస్తాగారి భార్య తన పలక తనే కాల్చుకుంటానని పట్టుబట్టింది. ఈసారి చేతులకి రెండేసి తడితువ్వాళ్ళు చుట్టి, పైన దారాలతో కట్టించుకుంది. పంతులమ్మగారు చక్రం తిప్పారు, ఆవిడ దగ్గుతూ, దేవుళ్ళని తలుచుకుంటూ బొగ్గులు వేసింది. మా అత్త రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చూసింది. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అంతకన్నా కష్టమైన పని ఆవిడ జన్మలో చేసి ఉండదు.

మర్నాడు మేం వెళ్ళేసరికి గుమాస్తాగారి భార్య రెండు ముక్కలు చేతిలో పట్టుకుని ఏడుస్తోంది. భర్త పొద్దున్నే రావికమతం కేంపు వెళ్ళిపోతున్నాడట. వెళ్ళే లోపల ఆయనకి చూపిద్దామని, తెల్లారగానే వచ్చి మూత తీసిందట. ఇద్దరూ చూస్తుండగానే లోపల టిక్కుమందట. ఇప్పుడెవరూ హస్తవాసి అన్న మాట ఎత్తలేదు. నేను ఎత్తుదామని నోరు తెరిచేసరికి మా అత్త నా కాలు తొక్కింది.

"ఊరుకోమ్మా," అంది ఆవిడతో. "తొందరపడ్డావు, అంతే. మొగుడికి సూపించుకోవాలని ఎవరికుండదు?"

ఇంటికొస్తూ నేను గంతులేశాను. "తేలిపోయింది కదత్తా! ముత్తయిదువ చెయ్యైనా మూత తీస్తే పగిలింది!"

"ఆవిడ తొందర తేలింది. నాది తేల్లేదు కదే."

క్రిస్మస్ దగ్గరపడింది. పగిలినవాటి బదులు అందరం కొత్త పలకలు పేర్చుకున్నాం. బొగ్గులు ఒక్కసారికే ఉన్నాయి. అందరి పలకలూ ఒకేసారి పెట్టేద్దాం, ఈసారి పోతే ఇక కిటికీ లేదు, అన్నారు పంతులమ్మగారు. బొగ్గులు ఎవరు వేస్తారని ఆవిడ అడగనైనా లేదు, పట్టకారు తెచ్చి మా అత్త చేతికే ఇచ్చారు. మా అత్త పలకల కోసం చెయ్యి చాపింది. ఎవరి పలక వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, చెంగు సర్దుకుంటూ, నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నా ఇడ్లీ ఇల్లు ఇద్దామని నేను లేచాను గానీ నా కన్నా ముందు గుమాస్తాగారి భార్య లేచింది. మళ్ళీ కొత్తగా పేర్చుకున్న పలక తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"ముందు నాదెట్టండి అప్పగారూ."

"పగిలితే?"

"పగిలితే ఇంకోటి సేసుకుంటాను. సెయ్యడం వచ్చేసింది కదా."

దాంతో మిగతావాళ్ళూ ఇచ్చారు. మా అత్త అన్నిటినీ ఒక్కొక్కటిగా దించి, తన చలిమంటని అన్నిటికన్నా చివర్న పెట్టింది. ఆ రోజు బొగ్గుల్ని తిట్టలేదు. కరిగిందని పంతులమ్మగారు చూసి చెప్పాక మూత వేసి, నిప్పు ఆపి, కొక్కెం తీసి నా చేతికిచ్చింది. "ఇది నువ్వే దాచు. నేనడిగినా ఇయ్యకు. కాళ్ళట్టుకున్నా ఇయ్యకు."

ఆ తర్వాత మర్నాటి సాయంత్రం దాకా మా ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. అన్నం తింటూ లేచి నిలబడింది. పొద్దున్నే వీధి చివర దాకా వెళ్ళి, తన్ను తానే తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. "తమ్ముడూ, నన్ను గదిలో పెట్టి గొళ్ళెం ఏసి ఆఫీసుకెళ్ళరా," అంది. తోడు వెళ్ళిన మనిషికి ఇంత ఆరాటమేమిటో నాన్నకి అంతుపట్టలేదు. "ఏటయిందప్పా? ఒంట్లో బాగోలేదేటి?" అని నుదురు ముట్టుకు చూశాడు. అమ్మ మాత్రం ఏమీ అడగకుండా ఒక బుట్టెడు చింతపండు తెచ్చి ముందు పెట్టింది. గింజలన్నీ మధ్యాహ్నం లోపలే తీసేసి, ఇంకా ఉందా అని అడిగింది. కొక్కెం మాత్రం అడగలేదు.

సాయంత్రం మేం వెళ్ళేసరికి అందరూ బట్టీ చుట్టూ చేరిపోయి ఉన్నారు. పంతులమ్మగారు ఇటుకల మీద చెయ్యి వేసి చూశారు.

"పూర్తిగా చల్లారిపోయింది. తియ్యండమ్మగారూ."

మా అత్త తనూ చెయ్యి వేసి చూసింది. "ఇంకా ఏడిగా ఉన్నట్టుంది."

"లేదండీ, చల్లగా ఉంది."

"ఎందుకైనా మంచిది. ఇంకో అరగంట ఉంచుదారి. ఇప్పుడేటి కొంప మునిగిపోయింది?"

అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. పెరుగులో వేలు ముంచే మనిషి, మొలకని తవ్వి చూసే మనిషి, అరగంట ఆగుదామంటోంది! నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. నవ్వుతూ కొక్కెం అందించబోయి ఆవిడ చేతులు చూశాను. రెండూ చంకల్లో దాచేసుకుంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆవిడకి తొందర పోలేదు, భయం వేసింది. దేనికీ భయపడదనుకున్న మా అత్తకి ఒక మట్టిమూత ఎత్తడానికి భయం వేస్తోంది.

"నేను తియ్యనా అత్తా?"

"ఒద్దు. నేనే తియ్యాల."

కొక్కెం తగిలించి ఎత్తింది. మూత పక్కన పెట్టి, లోపలికి చూడకుండానే చెయ్యి పెట్టింది. మొదట వచ్చింది గుమాస్తాగారి భార్య పలక. మా అత్త బొటనవేలితో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాసి చూసి, మాట్లాడకుండా ఆవిడకిచ్చింది. పగల్లేదు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. నా ఇడ్లీ ఇల్లు నాకొచ్చింది, చెక్కుచెదరలేదు. ఎవరి పలక వాళ్ళకి అందినా ఎవరూ కదలడం లేదు, అందరూ ఆవిడ చేతి వంకే చూస్తున్నారు.

చివర్న చలిమంట వచ్చింది. ఎరుపూ పసుపూ కలిసి కరిగి, మంట కాస్తా కోడిజుట్టులా పక్కకి ఒరిగిపోయింది. మా అత్త దాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది, వెలుతురికి ఎత్తి పట్టుకుంది, గోటితో కొట్టి విన్నది. ఎక్కడా వెంట్రుకవాసి చీలిక కూడా లేదు. పలకని ఒళ్ళో పెట్టుకుని, మసి కొట్టుకుపోయిన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

"తొందరే," అంది మెల్లిగా. తర్వాత నా వైపు తిరిగి వీధి దాకా వినబడేలా అరిచింది. "ఒసే గుంటా! నాది ఒట్టి తొందరేనే! ఇంకేటీ నేదే! ఒట్టి తొందరే!"

తనలో ఉన్న తప్పు తేలినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, మసిచేతులతో తుడుచుకుంటుంటే మొహమంతా నల్లబడింది. నేనూ ఏడ్చేశాను. పంతులమ్మగారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

గుమాస్తాగారి భార్య దగ్గరికొచ్చింది. "అప్పగారూ, ఆ రోజు నేను..."

"ఊరుకోవే తల్లీ. నీదీ తొందరే, నాదీ తొందరే. మనిద్దరిదీ ఒకటే జబ్బు."

ఆవిడ మా అత్త కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని, అందరూ చూస్తుండగానే కళ్ళకద్దుకుంది.

"ఓలమ్మ, మసి! మొకానికి అంటుకుంటాది, వొదులు, వొదులు," అంది మా అత్త. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.